పగడాల తొట్టికి పైపులు: గట్టిపడటం వేరు, ఆరడం వేరు

బరంపురంలో గానీ పర్లాకిమిడిలో గానీ మేడ మీది ట్యాంకు పైపు పగిలితే ప్లంబరు వస్తాడు. హ్యాక్సా బ్లేడుతో ముక్క కోస్తాడు, సొల్యూషన్ రాసి కప్లర్ తొడుగుతాడు, టీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు నీళ్ళు వదలమంటాడు. ఆ పద్ధతిలో పెద్ద తప్పేమీ లేదు. మొదటి రెండు బకెట్లు వాసన వేస్తే పారబోస్తారు, తర్వాత అంతా మామూలే. అదే మనిషి అదే డబ్బాతో ఉప్పునీటి పగడాల తొట్టికి పైపులు అతికితే మాత్రం లెక్క మారిపోతుంది. ఇంటి పైపులో నీరు వస్తుంది, పోతుంది. రీఫ్ అక్వేరియంలో, అంటే ఈ పగడాల తొట్టిలో, నీరు ఎక్కడికీ పోదు. తొట్టిలోంచి కింద నీళ్ళు దిగే చిన్న తొట్టి అయిన సంప్‌లోకి, సంప్‌లోంచి పంపు తోస్తే మళ్ళీ పైకి, రాత్రీ పగలూ అదే నీరు తిరుగుతూ ఉంటుంది. జాయింటులోంచి ఏది కరిగి వచ్చినా ఆ నీటిలోనే ఉండిపోతుంది.

నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 250 లీటర్లు పడతాయి. సంప్ నుంచి పైకి తోసే రిటర్న్ పంపు ఆ నీటిని గంటకు అయిదు చుట్లు తిప్పుతుందనుకుంటే, రోజుకు 120 సార్లు అది ప్రతి జాయింటునూ ఒరుసుకుంటూ పోతుంది. ఒత్తిడి మాత్రం దాదాపు లేనట్టే. సంప్ నుంచి తొట్టి అంచు దాకా అయిదడుగుల ఎత్తుకు చదరపు సెంటీమీటరు మీద పడేది 0.15 కిలోలు. మూడంతస్తుల ఇంట్లో కింది కుళాయి దగ్గర అది ఒక కిలో దాకా ఉంటుంది. ప్లంబర్లు నేర్చుకునే జాగ్రత్తలు ఎక్కువగా ఒత్తిడిని దృష్టిలో పెట్టుకున్నవి. తొట్టి దగ్గర భయపడాల్సింది జాయింటులో మిగిలిపోయిన రసాయనానికి. అందుకే జాయింటు గట్టిపడిందా అన్నది ఒక ప్రశ్న, జాయింటు ఆరిందా అన్నది ఇంకో ప్రశ్న. రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లే చేపలు పోతాయి.

అంటించడం కాదు, కరిగించడం

సొల్యూషన్ అని అందరం పిలిచే ఆ డబ్బాలో ఉండేది జిగురు కాదు. చెక్కలు అతికే బంక రెండు చెక్కల మధ్య మూడో పదార్థంగా నిలబడి వాటిని పట్టుకుంటుంది. పీవీసీ సొల్యూషన్ పని అలా ఉండదు. టెట్రాహైడ్రోఫ్యూరాన్, మిథైల్ ఇథైల్ కీటోన్, సైక్లోహెక్సనోన్, అసిటోన్ లాంటి ద్రావకాల్లో కొంత పీవీసీనే కరిగించి పెట్టిన చిక్కటి ద్రవం అది. ఏది ఎంత అన్నది కంపెనీని బట్టి మారుతుంది. రాయగానే పైపు పై పొర మెత్తబడుతుంది, ఫిట్టింగ్ లోపలి పొరా మెత్తబడుతుంది. ఒకదాంట్లోకి ఒకటి నెట్టినప్పుడు ఆ రెండు పొరలూ కలిసిపోతాయి. ద్రావకం ఎగిరిపోయాక మిగిలేది ఒకే పీవీసీ ముక్క. బాగా అతికిన జాయింటును అడ్డంగా కోసి చూస్తే, పైపు ఎక్కడ ముగిసిందో ఫిట్టింగ్ ఎక్కడ మొదలైందో గీత పట్టుకోవడం కష్టం.

ద్రావకాలన్నీ ఒకేసారి ఎగిరిపోవు. అసిటోన్ 56 డిగ్రీల దగ్గర మరుగుతుంది, టెట్రాహైడ్రోఫ్యూరాన్ 66 దగ్గర, మిథైల్ ఇథైల్ కీటోన్ 80 దగ్గర. రాసిన కొద్ది నిమిషాల్లోనే గది నిండా కమ్ముకునే ఘాటు చాలా వరకు వీటిదే. సైక్లోహెక్సనోన్ మరిగేది 155 డిగ్రీల దగ్గర. అంటే మామూలు ఎండకు అది చాలా నెమ్మదిగా కదులుతుంది. పైగా సాకెట్ లోపల ఇరుక్కున్న ద్రావకానికి గాలి తగిలేది అంచుల దగ్గరే. జాయింటు పది నిమిషాల్లో చేతికి గట్టిగా తగిలినా మూడో రోజు ముక్కు దగ్గర పెడితే ఇంకా వాసన రావడానికి కారణం ఇదే. అతికిన పైపుల రెండు చివర్లూ తెరిచిపెట్టి, లోపలి నుంచి గాలి ఆడేలా ఓ మూల నుంచి ఫ్యాన్ తిప్పితే ఆరడం బాగా తొందరవుతుంది. ఇది ఖర్చు లేని జాగ్రత్త, అయినా చాలామంది పైపులను ఒక మూలకు ఆనించి వదిలేస్తారు.

ఆరని జాయింటు మీదుగా నీరు తిరిగితే మొదట తిరగబడేది ప్రొటీన్ స్కిమ్మర్, అంటే బుడగలతో నురుగు చేసి నీటిలోని మురికిని తీసే పరికరం. మామూలుగా కప్పులోకి మెల్లగా ఎక్కే నురుగు ఒక్కసారిగా పొంగి, సబ్బునీళ్ళలా సంప్‌లోకి కారుతుంది. నీటిలో కొత్తగా ఏదో సేంద్రియ పదార్థం చేరిందనడానికి అది గుర్తు. అలాంటప్పుడు యాక్టివేటెడ్ కార్బన్ వేసి, నీటిలో కొంత భాగం మార్చాలి. ఆ నురుగును మురికి బయటికి వస్తోందనుకుని చూస్తూ కూర్చోవడం మంచిది కాదు.

స్కిమ్మర్‌తో ఇంకో ముప్పు ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. అది గదిలోని గాలిని పీల్చి, సన్నటి బుడగలుగా చేసి నీటిలో కలుపుతుంది. అదే గదిలో కూర్చుని సొల్యూషన్ డబ్బా మూత తీస్తే, ఆ ఆవిరిని కూడా అలాగే పీల్చి నీటికి పట్టిస్తుంది. కొత్త పైపులకు చుక్క నీరు తగలకపోయినా తొట్టి దెబ్బతినే దారి ఇది. జీవులున్న తొట్టి గదిలో పైపులు అతకకూడదని గట్టిగా చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు. మేడ మీద, వరండాలో, పెరట్లో ఎక్కడైనా సరే, ఆ గదిలో మాత్రం వద్దు.

మూడు రకాల ఇంచు పైపులు

హార్డ్‌వేర్ షాపులో ఇంచు పైపు కావాలని అడిగితే మూడింట్లో ఏదో ఒకటి చేతిలో పెట్టొచ్చు. వేడినీళ్ళకు వాడే లేత పసుపు సీపీవీసీ పైపు బయటి కొలత 28.6 మిల్లీమీటర్లు. భారతీయ ప్రమాణం ఐఎస్ 4985 ప్రకారం వచ్చే పైపు 32 మిల్లీమీటర్లు. అమెరికా కొలతల షెడ్యూల్ 40 తెల్ల యూపీవీసీ పైపు 33.4 మిల్లీమీటర్లు. మూడింటినీ షాపులో ఇంచే అంటారు. విశాఖ నుంచో ఆన్‌లైన్‌లోనో తెప్పించిన ట్యాంక్ నిపుల్ (తొట్టి గోడకు బిగించే ముక్క) ఒక కొలత, బరంపురం బజారులో కొన్న పైపు ఇంకో కొలత అయితే తేడా 1.4 మిల్లీమీటర్లే. చూడ్డానికి తొడిగినట్టే ఉంటుంది. ఖాళీని సొల్యూషన్ నింపేస్తుందిలే అనుకుంటారు. సొల్యూషన్ ఖాళీలు నింపదు, తాకుతున్న పొరలను మాత్రమే కలుపుతుంది.

అందుకే కొనేటప్పుడే పైపు ముక్కను ఫిట్టింగ్‌లోకి పొడిగా నెట్టి చూడాలి. సాకెట్ లోపలికి పోయేకొద్దీ కొద్దిగా ఇరుకవుతుంది. మంచి జోడీలో పైపు మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల లోతు దాకా పోయి అక్కడ బిగుసుకుంటుంది. అడుగు దాకా జారిపోయి వదులుగా ఊగితే ఆ ఫిట్టింగ్ వదిలేయాల్సిందే. అసలు మూతి దగ్గరే ఆగిపోతే కొలతే తప్పు. షాపువాడు విసుక్కున్నా సరే, ఈ పరీక్ష షాపులోనే చేయాలి.

మరల సంగతీ ఇంతే. మన దగ్గర దొరికే బీఎస్‌పీ మరలో ఇంచు సైజుకు అంగుళానికి 11 చుట్లుంటాయి. అమెరికా ఎన్‌పీటీ మరలో 11.5. ఒకదాంట్లో ఇంకోటి తిప్పితే మొదటి రెండు చుట్లు హాయిగా ఎక్కి తర్వాత బిగుసుకుంటుంది. బలం పెడితే ఫిట్టింగ్ చీలుతుంది. మర జాయింటుకు టెఫ్లాన్ టేపు చుట్టాలి, సొల్యూషన్ రాయకూడదు. సిలికాన్ పీవీసీకి నమ్మకంగా అతుక్కోదు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవడం దండగ. ఇంకో సంగతి: దిగుమతి ఫిట్టింగుల్లో కొన్ని ఏబీఎస్ ప్లాస్టిక్‌వి. మామూలు పీవీసీ సొల్యూషన్ వాటిని సరిగ్గా కలపదు, అక్కడ మర జాయింటే దారి. ఆకుపచ్చ పీపీఆర్ పైపులు వేడితో కలిపేవి, వాటికి ఈ డబ్బాతో పనే లేదు.

ఒక విషయంలో రాజీ ఉండకూడదు. ఇంటి వాడకపు సీపీవీసీ ఫిట్టింగుల్లో కుళాయి బిగించే ఎల్బోలు, టీలకు లోపల ఇత్తడి మర పోసి ఉంటుంది. ఇళ్ళకు అవి మంచివే, గట్టిగా నిలబడతాయి. ఇత్తడిలో ఉండేది రాగి. ఉప్పునీరు దాన్ని తినేస్తుంది. నీటిలో చేరిన రాగి అతి కొద్ది మోతాదులోనే రొయ్యలకు, నత్తలకు, పగడాలకు విషం. చేపల జబ్బులకు రాగి మందు వాడేవాళ్ళు పగడాలున్న తొట్టిలో దాన్ని ఎప్పుడూ వేయరు. అలాంటిది పైపులోనే రాగిని బిగించి పెట్టడం ఇంకా పెద్ద పొరపాటు. బాల్ వాల్వ్ దగ్గర్నుంచి ఎండ్ క్యాప్ దాకా నీరు తగిలేదంతా ప్లాస్టిక్కే అయి ఉండాలి. పైపు మీద 'లెడ్ ఫ్రీ' ముద్ర ఉందో లేదో కూడా చూసుకోవాలి. వ్యవసాయం పైపు చవగ్గా వస్తుంది కదా అని ఏ ముద్రా లేని బూడిదరంగు ముక్కను తొట్టికి వాడటం సరికాదు.

తొట్టిలో పెంచే జీవుల గురించి ఇక్కడే ఒక మాట. రాతి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి. వాటిని సముద్రం నుంచి తీయడం నేరం. మంచి పైపులు వేసి తొట్టి సిద్ధం చేసినవాళ్ళు అందులోకి ఏది తెస్తున్నారో కూడా అంతే శ్రద్ధగా చూసుకోవాలి.

ఒక జాయింటు, దగ్గర నుంచి

పైపును నిటారుగా కోయాలి. హ్యాక్సాతో చేతి మీద కోస్తే కోత ఒక పక్కకు వాలుతుంది. ఒక కాగితం అంచు పైపు చుట్టూ కలిసేలా చుట్టి, ఆ అంచు వెంట గీత గీసి కోస్తే వాలదు. కోసిన చోట లోపలా బయటా వెంట్రుకల్లాంటి పొట్టు వేలాడుతుంది. బయటి పొట్టు నెట్టేటప్పుడు సొల్యూషన్‌ను గీరుకుంటూ పోయి జాయింటులో దారి వదులుతుంది. లోపలి పొట్టు కొన్నాళ్ళకు ఊడి పంపు రెక్కల్లోకి చేరుతుంది. చిన్న చాకుతో గీకి, బయటి అంచును ఎమిరీ పేపరుతో కాస్త వాలుగా అరగదీసి, పొడి గుడ్డతో తుడవాలి. పైపు మీద మెరిసే పైపొరను కూడా ఎమిరీతో ఒక్కసారి రుద్దితే మంచిది. డబ్బా మీద ప్రైమర్ (సొల్యూషన్ కంటే ముందు రాసే ద్రవం) కావాలని రాసి ఉంటే అది రాయాల్సిందే. ఊదా రంగు ప్రైమర్ మరక ఎప్పటికీ పోదు, రంగులేనిది దొరికితే అదే తీసుకోవాలి.

పైపు సాకెట్‌లోకి ఎంత లోతు పోవాలో మార్కర్‌తో గుర్తు పెట్టుకోవాలి. ఎల్బో ఎటు తిరగాలో పైపు మీద నుంచి ఫిట్టింగ్ మీదికి ఒక అడ్డగీత గీయాలి. ఆ తర్వాత సొల్యూషన్: పైపు మీద నిండుగా ఒక పొర, సాకెట్ లోపల పలచగా ఒక పొర. సాకెట్‌లో ఎక్కువ రాస్తే నెట్టినప్పుడు అదంతా లోపలికి ముద్దగా పేరుకుంటుంది. నీటి దారిలో ఉండే ఆ ముద్ద అన్నిటికంటే ఆలస్యంగా ఆరుతుంది, కింద ఉన్న పైపును మెత్తబరుస్తూ ఉంటుంది. బాల్ వాల్వ్ అయితే ఆ ముద్దే బంతి మీదికి జారి వాల్వ్‌ను శాశ్వతంగా బిగించేస్తుంది. ఆలస్యం చేయకుండా పైపును గుర్తు దాకా నెడుతూ పావు చుట్టు తిప్పి గీతలు కలపాలి. అర నిమిషం కదలకుండా పట్టుకోవాలి. సాకెట్ ఇరుకు వల్ల పైపు వెనక్కి నెట్టుకొస్తుంది, చెయ్యి వదిలితే అది కనిపించనంతగా జరుగుతుంది. అంచు చుట్టూ తెగకుండా ఒక సన్నటి పూస కనిపిస్తే రాసింది సరిపోయినట్టు. ఆ పూసను గుడ్డతో తుడిచేయాలి.

డబ్బాలో సొల్యూషన్ తేనెలా జారాలి. జున్నులా గడ్డకట్టినా, తీగలు సాగుతున్నా అది పారేయాల్సిన సరుకు. అందులో థిన్నర్ కలిపి వాడటం మేస్త్రీల్లో కొందరికి అలవాటు. ఇంటి పైపుకే అది తప్పు, పగడాల తొట్టికి అసలే వద్దు.

ఆవిరి కిందికి పాకుతుంది

ఈ ద్రావకాల ఆవిరి గాలి కంటే రెండింతలకు పైగా బరువు. పైకి లేచి కిటికీలోంచి పోదు, నేల మీద నీళ్ళలా పరుచుకుంటూ పోతుంది. టెట్రాహైడ్రోఫ్యూరాన్ సున్నాకు 14 డిగ్రీల దిగువన కూడా అంటుకోగలిగే ఆవిరి వదులుతుంది. మే నెల ఎండలో సంగతి వేరే చెప్పాలా? గోడకు గోడ ఆనుకున్న పాత వీధి ఇళ్ళలో ముందు గదిలో డబ్బా తెరిస్తే, ఆవిరి నేల వెంబడి వంటింటి దాకా పోవచ్చు. గ్యాస్ స్టవ్, దేవుడి గూట్లో దీపం, అగరొత్తి, ఎవరో వెలిగించిన బీడీ, స్విచ్ వేసినప్పటి నిప్పురవ్వ, ఏదైనా చాలు. పని మొదలెట్టే ముందు దీపం కొండెక్కించడం భక్తికి లోటు కాదు.

ఇంకా ప్రమాదకరమైన చోటు తొట్టి కింది అల్మారా. సంప్ అందులోనే ఉంటుంది. మోకాళ్ళ మీద కూర్చుని, తల లోపలికి దూర్చి, సెల్‌ఫోన్ లైటు నోట కరుచుకుని జాయింటు అతకడం చాలా ఇళ్ళలో జరిగేదే. మూడు వైపులా ప్లైవుడ్ ఉన్న ఆ పెట్టెలో ఆవిరి అడుగున చేరి నిలుస్తుంది. రెండు నిమిషాల్లో తల బరువెక్కుతుంది, కళ్ళు తిరుగుతాయి. గుడ్డ మాస్కు గానీ ఎన్95 గానీ దుమ్మును ఆపుతాయి తప్ప ఆవిరిని ఆపవు. సన్నటి రబ్బరు గ్లవ్స్‌ను కూడా ఈ ద్రావకాలు తొందరగా దాటేస్తాయి, తడవగానే మార్చాలి. అసలు ఆ అల్మారాలో సొల్యూషన్ అవసరమే రాకుండా పైపులు వేసుకోవడం నేర్పు. పైపులన్నీ పొడిగా బిగించి కొలతలు చూసుకుని, గీతలు గీసి, విడదీసి మేడ మీదికి తీసుకెళ్ళి ముక్కలు ముక్కలుగా అతకాలి. తొట్టి దగ్గర యూనియన్లు, అంటే చేత్తో తిప్పి బిగించి మళ్ళీ విప్పగలిగే జాయింట్లు, తిప్పి కలపడం తప్ప ఇంకో పని ఉండకూడదు. పంపుకు ఒక యూనియన్, దిగే ప్రతి పైపుకు ఒకటి. యూనియన్లకు పెట్టే డబ్బు ముందుముందు పడే టెన్షన్ కంటే చాలా తక్కువ.

ఉక్కలో ఒక లెక్క, చలిలో ఒక లెక్క

గోపాలపూర్, ఛత్రపురం, బరంపురం పక్క సముద్రపు ఉక్క ఎలాంటిదో అక్కడి వాళ్ళకు చెప్పనక్కర్లేదు. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా తెరిస్తే ఉప్పు నీరు కారుతూ ఉంటుంది. ద్రావకం ఎగిరేటప్పుడు రాసిన చోటును చల్లబరుస్తుంది. చెమ్మగాలిలో ఆ చల్లటి పొర మీద కంటికి కనిపించనంత తేమ పడుతుంది. మంచులా తెల్లబారిన సొల్యూషన్ కనిపిస్తే అదే కారణం. ఆ తేమ రెండు పొరల మధ్య చేరి కలయికను చెడగొడుతుంది, ఆరడాన్ని ఆపుతుంది. తేమ వాతావరణంలో ఆరే సమయానికి సగం కలుపుకోవాలన్నది సొల్యూషన్ తయారీదారులు చెప్పే మాట. అక్వేరియం పైపులకు మామూలుగా 24 గంటలు కనీసం అనుకుంటే, తీరంలో అది 36 అవుతుంది. ఆషాఢం నుంచి దీపావళి దాకా రెండు రోజులు నిండా వదిలేయడమే మేలు. వడియాలు ఎండని రోజున పైపులు అతకకపోతే ఇంకా మంచిది.

రాయగడ, కోరాపుట్ వైపు ఎక్కితే కథ వేరు. కోరాపుట్ పట్టణం సముద్ర మట్టానికి 800 మీటర్లకు పైనే ఉంది. డిసెంబరు, జనవరి రాత్రుల చలికి ద్రావకం బద్ధకంగా కదులుతుంది, అక్కడా సమయం పెంచుకోవాలి. వేసవి మధ్యాహ్నం ఎక్కడైనా దీనికి వ్యతిరేకం. బ్రష్ తీసి పైపు మీద రాసేలోపే పైపొర ఎండి తోలు కడుతుంది, తోలు కట్టిన పొరలు కలవవు. పైపునూ డబ్బానూ నీడలో పెట్టుకుని, తెల్లవారుజామునే పని ముగించుకోవాలి.

ఆరిన తర్వాత మొదట తిప్పాల్సింది మామూలు నీరే. ఉప్పు కలిపిన నీరు ఖరీదు, ఇంకా జీవులు లేని తొట్టికి అది అక్కర్లేదు. ఒక రోజు తిప్పి మొత్తం పారబోసి, మళ్ళీ నింపి ఇంకో రోజు తిప్పాలి. ఈ రెండు రోజుల్లోనే కరెంటు పోయినట్టు పంపు ఆపి చూడాలి. పంపు ఆగగానే పై తొట్టి నీరు రిటర్న్ పైపు గుండా వెనక్కి సంప్‌లోకి దిగుతుంది. రిటర్న్ పైపుకు నీటి మట్టానికి కాస్త కింద చిన్న కంత పెడితే, మట్టం అక్కడికి దిగగానే గాలి దూరి ఆ ధార తెగుతుంది. కంత లేకపోయినా, ఉప్పు పేరుకుని పూడినా సంప్ పొంగి హాలు తడుస్తుంది. ఈ జిల్లాల్లో కరెంటు పోవడం పరీక్ష కోసం ఊహించుకునే విషయం కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటాక గంజాం జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. ప్లగ్ పాయింట్లు పైపుల కింద ఉండకూడదు. వైరు ఒకసారి కిందికి వేలాడి ఆ తర్వాత పైకి ప్లగ్‌లోకి ఎక్కాలి, అప్పుడు కారిన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఆ లైనుకు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉండి తీరాలి.

ఉప్పునీరు పోశాక లీకు చుక్కగా కనిపించకపోవచ్చు. జాయింటు అంచున తెల్లగా, పేలాల పొడిలా ఒక పొక్కు పుడుతుంది. తుడిస్తే పోతుంది, వారానికి మళ్ళీ అక్కడే వస్తుంది. అది మర జాయింటు అయితే విప్పి టేపు మళ్ళీ చుట్టాలి. అతికిన జాయింటు అయితే పై నుంచి సొల్యూషన్ పూయడం వల్ల లాభం లేదు. తడి ఉన్న చోట పొరలు కరగవు, పూసింది పైన పెచ్చుగా నిలిచి కొన్నాళ్ళకు లేస్తుంది. ఆ ముక్కను కోసి తీసి కొత్తది వేయడమొక్కటే దారి. యూనియన్లు ఉంటే ఆ భాగం విప్పి మేడ మీదికి వెళ్తుంది, రెండు రోజులు అక్కడే ఆరుతుంది. అంతవరకు తొట్టిలో నీటిని కదిలించే వేవ్ పంపు తిరుగుతూ ఉండాలి, పక్కన బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు సిద్ధంగా ఉండాలి, స్కిమ్మర్‌నూ హీటర్‌నూ ఆపేయాలి. కొత్త ముక్కను బకెట్టు మంచినీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి, మర్నాడు ఆ నీటిని వాసన చూడాలి. వాసన లేకపోతే తెచ్చి బిగించొచ్చు. ఉంటే నీళ్ళు మార్చి ఇంకో రాత్రి.